‘క్లియర్’ బటన్

ఫోన్లు ఎత్తే ఉద్యోగం

ఈమధ్య మా అపార్ట్‌మెంటులో ఒకమ్మాయికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. స్వీట్లు ఇవ్వడానికి వచ్చిన వాళ్లమ్మ కాస్త చిన్నబుచ్చుకుంటూనే చెప్పింది. “ప్రోగ్రాములు రాసే పని కాదటండీ. కస్టమర్ల ఫోన్లు ఎత్తి సమాధానం చెప్పే పనట.” ఆ అమ్మాయి పక్కనే నిలబడి చున్నీ అంచు మడతపెడుతోంది.

నేను ప్రోగ్రాములూ రాశాను, ఫోన్లూ ఎత్తాను. మేం పనిచేసిన రోజుల్లో చిన్న కంపెనీల్లో రెండూ ఒకరే చేసేవారు. ఆ అమ్మాయికి చెప్పాలనిపించినవి గుమ్మంలో నిలబడి చెప్పేవి కావు కాబట్టి ఇలా రాస్తున్నాను. ముందే చెబుతున్నా, ఇందులో మనసుకు హాయినిచ్చే సంగతులు తక్కువ.

మావారికి హైదరాబాదు బదిలీ అయినప్పుడు ఏలూరు నుంచి వచ్చాం. డిగ్రీ తరవాత నేర్చుకున్న కంప్యూటర్ కోర్సు ఒకటి చేతిలో ఉండేది. ఉద్యోగం అఫ్జల్‌గంజ్‌లో దొరికింది. ఇనప సామాన్ల దుకాణం మీద రెండు గదులు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కలేనంత ఇరుకు మెట్లు. కింద రేకులు కోస్తున్న చప్పుడు, పైన మా కీబోర్డుల చప్పుడు. యజమాని ద్వారకాదాస్ గారు. వాళ్ల కుటుంబం తాతల కాలం నుంచి జీడిపప్పు, బాదం టోకు వ్యాపారం చేస్తోంది. అందులోంచి ఆయన ఒక్కరే బయటికొచ్చి కంప్యూటర్లు పట్టుకున్నారు. ఆయన మంచి మనిషి. మావారికి ఆపరేషన్ అయినప్పుడు సెలవడిగితే, “ఇంటి మనిషిని జూస్కో సుగుణమ్మా, ఆఫీసు యాడికి పోతది” అన్నారు. ఈ మాట ఇక్కడే ఎందుకు రాస్తున్నానంటే, ముందు ముందు ఆయన గురించి రాయబోయేది అంత మంచిది కాదు.

ఉల్టా ప్రశ్న

తొంభైల్లో మా కస్టమర్లంతా నడిచి వెళ్లేంత దూరంలో ఉండేవారు. ఇంగువ, అత్తరు, తాళ్లు, పిప్పరమెంట్లు అమ్మే టోకు వ్యాపారులు. సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్క చూపే ప్రోగ్రాములు వాళ్లకు రాసిచ్చేదాన్ని.

ఇంగువ దుకాణం రాజయ్యగారని ఒక పెద్దాయన ఉండేవారు. పొద్దంతా కష్టపడి ఎక్కించిందంతా సాయంత్రానికి పోతోందని రెండు రోజులకోసారి ఫోన్ చేసేవారు. నేను వెళ్లి ఎక్కడా తప్పు లేదని చూసి వచ్చేసేదాన్ని. ఒకసారి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆయన పని ముగించి బయటికి రాబోతే, ‘దాచకుండానే వెళ్లిపోవాలా?’ అని నా ప్రోగ్రాం అడిగింది. అవునో కాదో నొక్కాలి. ఆయన ‘అవును’ నొక్కారు. పొద్దంతా చేసిన పని పోయింది.

“అవునని ఎందుకు నొక్కారండీ?” అన్నాను.

“నేను ఇంటికి పోవాల్నా వద్దా బిడ్డా? పోతవా అని అడిగింది, అవ్ అన్న. మీ మిషన్ ఏంది గిట్ల ఉల్టా అడుగుతది?”

అక్కడే కూర్చుని ఆ ప్రశ్న తిప్పి రాశాను. ఆ తరవాత ఆయన దగ్గర్నుంచి ఆ ఫోన్ మళ్లీ రాలేదు. అప్పట్లో ఈ ఉద్యోగంలో ఉన్న సుఖం అదే. తప్పు జరిగే చోటు మన కళ్లెదుట ఉండేది. పక్కన కూర్చుంటే కనిపించేది.

మా ప్రోగ్రాములు ఫోన్లలోకి వెళ్లాక ఆ సుఖం పోయింది.

సాఫ్ట్‌వేర్ జేబులోకి వెళ్లాక

రెండు వేల దశకం మధ్యలో అందరి చేతుల్లోకీ బటన్ల ఫోన్లు వచ్చాయి. ఇప్పటిలా వేలితో తాకే తెర కాదు. అగ్గిపెట్టె అంత తెర, దాని కింద ఎడమవైపు ఒక బటన్, కుడివైపు ఒకటి. ఏ బటన్ ఏం చేస్తుందో తెర అడుగున చిన్న అక్షరాల్లో కనిపించేది. వాటిలో నడిచే ప్రోగ్రాములు రాయడానికి ద్వారకాదాస్ గారు విజయవాడ నుంచి వచ్చిన ప్రవీణ్ అనే కుర్ర ప్రోగ్రామర్‌ని చేర్చుకున్నారు. చాలా తెలివైనవాడు. నాకు అర్థం కానివి ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు.

ఆక్సిజన్ సిలిండర్లు ఇళ్లకు అద్దెకిచ్చే ఏజెన్సీ ఒకటి మా వీధి చివర ఉండేది. దాని యజమాని యాదగిరి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసినవాళ్లు ఆయన దగ్గర సిలిండర్లు తెప్పించుకునేవారు. నలుగురైదుగురు డెలివరీ మనుషులు ట్రాలీ ఆటోల్లో పాతబస్తీ అంతా తిరిగేవారు. కొత్త ఆర్డర్ వస్తే వాళ్లకు కబురు చేరేది కాదు. అందుకని మేం వాళ్ల ఫోన్లలో ఒక ప్రోగ్రాం పెట్టాం. ఏజెన్సీ కౌంటర్లో గుమాస్తా కంప్యూటర్లో ఆర్డర్ ఎక్కిస్తే, అది డెలివరీ మనిషి ఫోన్ మీద పేరుతో, ఇంటి గుర్తులతో కనిపిస్తుంది. సిలిండర్ దించాక అతను ఎడమ బటన్ నొక్కాలి. కౌంటర్లో ఆ పేరు పక్కన ‘అందింది’ అని పడుతుంది.

ఆ ఎడమ బటన్ మీద కనిపించే మాట ‘క్లియర్’.

ఆ మాట పెట్టినప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. తెర చిన్నది, పొడుగు మాట పట్టదు, కాబట్టి పని అయిపోయిన ఆర్డర్‌ని తెర మీంచి తీసెయ్యడానికీ, సిలిండర్ అందిందని చెప్పడానికీ అదొక్కటే మాట అన్నాడు ప్రవీణ్. నాకు కాస్త సందేహంగా అనిపించినా, ‘అందరికీ తెలిసిన మాటే కదా’ అనుకున్నాను. తెలిసిన మాటే. కానీ మన ఊళ్లో క్లియర్ అంటే ఎన్ని అర్థాలు! దారి క్లియర్, సంగతి క్లియర్, బాకీ క్లియర్. చదివి అర్థమైతే క్లియర్ నొక్కిన డెలివరీ మనిషి ఉన్నాడు. ఇంటి ముందు ఆటో ఆపగానే నొక్కినవాడూ ఉన్నాడు.

ఇంకొకటి కూడా అప్పుడు ఎవరికీ తోచలేదు. కొత్త ఆర్డర్ వస్తే మనిషి గమనించాలి కదా అని, తెర మీద ఏమున్నా దాన్ని తోసేసి కొత్తది పైకొచ్చేట్టు చేశాం. అది మేం గొప్పగా చెప్పుకున్న సౌకర్యం.

ఒకటే కంప్లయింటు, వేరే వేరే గొంతులు

మొదటి వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. “మేడం, ఆర్డర్ మాయమైంది.” “మేడం, నేనింక పోనే లేదు, కౌంటర్ల అందింది అని చూపిస్తుందంట.” “ఆపా, ఆ పేరు కనవడ్తలేదు, జర మళ్లా పంపుర్రి.” ‘మేడం’ అన్నా, అక్కలా ‘ఆపా’ అన్నా, నేను మళ్లీ పంపేదాన్ని. రెండు నిమిషాల్లో పని అయిపోయేది. అయిపోయింది కాబట్టి ఎవరికీ పట్టేది కాదు.

కస్టమర్ సపోర్టులో కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే అనుకోండి: తేలిగ్గా సర్దేసే కంప్లయింటుని నమ్మకండి. ఏదైనా పెద్దగా పగిలితే పదిమంది పరిగెత్తుకొస్తారు, బాగుచేస్తారు. రెండు నిమిషాల్లో సర్దేది మాత్రం ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతుంది. దాన్ని రోజూ తుడిచేది మీరే, కాబట్టి మరక పైవాళ్లకు కనిపించదు.

ప్రవీణ్‌తో మాట్లాడితే, “వాడటం రానివాళ్లకు మనమేం చేస్తాం మేడం? ప్రోగ్రాంలో తప్పు లేదు” అన్నాడు. ద్వారకాదాస్ గారి దగ్గరికి వెళ్లి, బటన్ మీద మాట మారుద్దామన్నాను. వేరే ఊళ్లలో మందుల కంపెనీలకు, గ్యాస్ ఏజెన్సీలకు కూడా అదే ప్రోగ్రాం అమ్మడం మొదలుపెట్టారాయన.

“ఇప్పుడు మారిస్తే అన్ని చోట్ల మార్చాలె. మనోళ్లకు ట్రైనింగ్ ఇయ్యి సుగుణమ్మా. ఓ పూట కూసోబెట్టి సమ్‌ఝాయించు.”

ఇచ్చాను. ఏజెన్సీ గోడౌన్లో సిలిండర్ల మధ్య బెంచీ వేసి అందరినీ కూర్చోబెట్టి చూపించాను. తలలూపారు. వారం పాటు ఫోన్లు తగ్గాయి. మళ్లీ మొదలయ్యాయి. అసలు కారణం మాకు అప్పటికింకా తెలియనే తెలియదు. తెలియని దానికి ట్రైనింగ్ ఇచ్చాం.

ఆ బెంచీ మీద ముందు వరసలో కూర్చున్న మనిషి ఆవద్. బార్కస్‌లో ఉండేవాడు. వాళ్ల ముత్తాతలు నిజాం ఫౌజులో పనిచేయడానికి అరబ్ దేశం నుంచి వచ్చారట. యాభైకి దగ్గర పడ్డ మనిషి, ఇప్పటికీ లుంగీ మీద వెడల్పాటి తోలు బెల్టు పెట్టుకునేవాడు. సిలిండర్ భుజం మీద వేసుకుని మూడంతస్తులు ఎక్కి, పైపు బిగించి, రోగి ఊపిరి సర్దుకునేదాకా నిలబడి మరీ దిగేవాడని యాదగిరే చెప్పాడు.

దబీర్‌పురా నుంచి వచ్చిన ఫోన్

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో జైనబ్ బీ అనే ఆవిడ ఉండేది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వంటలు చేసి పెళ్లిళ్లకు పంపిన మనిషి. ఊపిరితిత్తులు పాడై మంచాన పడింది. కూతురు రజియా అంగన్‌వాడీ టీచర్. ఇంట్లో ఇద్దరే. ఆవిడకు సిలిండర్లు తెచ్చేది ఆవద్.

వానాకాలం. పొద్దుటి నుంచి ముసురు. సిలిండర్ అయిపోవస్తోందని రజియా ఏజెన్సీకి ఫోన్ చేసి చెప్పింది. గుమాస్తా ఆర్డర్ ఎక్కించాడు. మధ్యాహ్నమైనా సిలిండర్ రాలేదు. రజియా మళ్లీ ఫోన్ చేసింది. గుమాస్తా తెర చూసి, “అందింది కదమ్మా. డెలివరీ అయింది అని చూపిస్తుంది” అన్నాడు.

“రాలేదు భాయ్. నేను ఇంట్లనే ఉన్న.”

“కింద ఎవరన్నా తీస్కున్నరేమో చూడుర్రి.”

ఆమె వానలో కిందికి దిగి పక్కిళ్ల తలుపులు కొట్టింది. మా సిలిండర్ మీరేమన్నా దించుకున్నారా అని సందు చివరిదాకా అడుగుతూ వెళ్లింది. తిరిగి వచ్చేసరికి తల్లి పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ కొద్ది రోజులుండి జైనబ్ బీ చనిపోయింది. ఊపిరితిత్తులు ముందే పోయాయనీ, సిలిండర్ వేళకు వచ్చినా ఎన్నాళ్లుండేదో చెప్పలేమనీ డాక్టర్లు అన్నారట. ఉండేదో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఎక్కువ కష్టం.

బస్తీ మనుషులు ఏజెన్సీ ముందు చేరి లొల్లి చేశారు. యాదగిరి కంప్యూటర్ తిప్పి అందరికీ చూపించాడు. ఆవద్ ఫోన్ నుంచే క్లియర్ నొక్కినట్టు స్పష్టంగా ఉంది. వెళ్లకుండానే వెళ్లానని చెప్పాడన్నారు. యాదగిరి అతన్ని పనిలోంచి తీసేశాడు.

మెట్లెక్కి వచ్చిన మనిషి

మర్నాడు ఆవద్ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఏజెన్సీకి తిరిగి ఇవ్వాల్సిన ఫోన్ ఇంకా అతని చేతిలోనే ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“మేడం, ఖుదా కసమ్, ఆ పేరు నా ఫోన్ల రాలే. వస్తే నేను పోకుంట ఉంటనా? జైనబ్ బీ ఇంటికి నేను పోకుంట ఉంటనా?”

“కానీ నొక్కినట్టు ఉంది భాయ్.”

“ఉన్నదంటరు. అందరు అదే అంటున్నరు. నేను నొక్కలే. ఝూట్ నై బోల్తూఁ.”

ప్రవీణ్ తన కుర్చీలోంచి నన్ను చూశాడు. చెప్పానా అన్నట్టున్నాయి అతని కళ్లు. ఇన్నేళ్లలో కంప్యూటర్ చూపించేది ఒకటీ, మనిషి చెప్పేది ఒకటీ అయినప్పుడు కంప్యూటర్‌ని నమ్మడమే మాకు అలవాటు. ఆ రోజు మాత్రం అతని ముఖం చూస్తే ఆ అలవాటు పనిచేయలేదు.

“భాయ్, ఆ రోజు ఎలా పనిచేశారో నాకు చేసి చూపించండి. మీరు సిలిండర్ దించుతున్నారనుకోండి. నేను ఇక్కణ్నుంచి ఆర్డర్లు పంపుతాను” అన్నాను.

అతను మూలనున్న నీళ్ల క్యాన్ ఎత్తి భుజం మీద పెట్టుకున్నాడు. గది ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. క్యాన్ దించాడు, ఎడమ చేత్తో జేబులోంచి ఫోన్ తీశాడు, పేరు చూశాడు, బొటనవేలితో నొక్కాడు. అంతా సవ్యంగానే ఉంది. మళ్లీ చేయించాను. మళ్లీ సవ్యంగానే ఉంది. ప్రవీణ్ విసుగ్గా కదిలాడు. నేను ఒకదాని తరవాత ఒకటి ఆర్డర్లు పంపుతూనే ఉన్నాను. ఆవద్ క్యాన్ ఎత్తుతూ దించుతూనే ఉన్నాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

అలా చేస్తుండగా ఒకసారి అతను పేరు చూసి, బొటనవేలు బటన్ మీదికి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే నేను పంపిన కొత్త ఆర్డర్ అందులోకి చేరింది. పాత పేరు వెళ్లిపోయి కొత్త పేరు పైకొచ్చింది. వేలు అప్పటికే దిగిపోయింది. కొత్త పేరు తెర మీద కనిపించీ కనిపించకముందే మాయమైంది. కింద పాత పేరు అలాగే ఉంది. నొక్కడం సరిగా పడలేదనుకుని ఆవద్ మళ్లీ నొక్కాడు. అదీ పోయింది.

నా కంప్యూటర్లో రెండు పేర్ల పక్కనా ‘అందింది’ అని పడింది.

ప్రవీణ్ లేచి వచ్చి ఫోన్ తీసుకుని చూశాడు.

“చూడకుండా ఎందుకు నొక్కాడు మేడం?” అన్నాడు చివరికి. ఆ గొంతులో ధీమా లేదు.

“చూసే నొక్కాడు ప్రవీణ్. చూసినప్పుడు ఉన్నది ఒకటి, నొక్కేసరికి అక్కడున్నది ఇంకొకటి.”

మాయమైందని ఇన్నాళ్లూ అందరూ ఫోన్ చేసింది ఇలాంటి ఆర్డర్ల గురించే. వాళ్లు చెప్పింది నిజమే. ఆ వాన రోజు జైనబ్ బీ పేరూ ఇలాగే, ఆవద్ ఇంకొక ఇంటి దగ్గర నొక్కుతుండగా వచ్చి పోయి ఉంటుంది. ఆవద్‌కి మేం చూసింది విడమరిచి చెప్పాను. అతనికి సంతోషం కలుగుతుందనుకున్నాను. అతను గోడకానుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు.

“అంటే నేనే నొక్కిన్నా మేడం? నా వేలే?” అన్నాడు.

బాగుచేయడం ఎంత సులువో

ప్రవీణ్ ఒక్క పూటలో బాగుచేశాడు. కొత్త ఆర్డర్ వస్తే ఫోన్ మోగుతుంది, తెర మాత్రం కదలదు. క్లియర్ అన్న మాట తీసేశాం. సిలిండర్ దించాక దాని మీద రాసి ఉన్న చివరి అంకెలు కొడితే తప్ప ‘అందింది’ అని పడదు. కొన్నాళ్లకు ప్రవీణ్ ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలకు చదువుకోవడానికి వెళ్లిపోయాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ద్వారకాదాస్ గారికి అంతా చెప్పాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు.

“బాగు చేసినం గదా. అన్ని ఊర్లకు కొత్తది పంపు. గని తప్పు మనదని యాడ అనకు సుగుణమ్మా. యాదగిరికి గూడ చెప్పొద్దు. ఒక్కసారి ఆ మాట బయటికి పోతే ఈ దుకాణం ఉండదు. మీ అందరి నౌకరీలు ఉండవు.”

“ఆవద్ సంగతేంటి సార్?”

“ఆయనకు ఇంకో పని చూపిస్త. మా తమ్ముని గోడౌన్ల.”

పదిమంది బతుకు కోసం ఒక మనిషి పరువు పోనివ్వడం ఆయనకు న్యాయంగానే తోచింది. చెడ్డవాళ్లయిన బాసుల దగ్గర ఏం చేయాలో మనకు తెలుస్తుంది. మంచివాళ్లు భయపడినప్పుడే ఏం చేయాలో తెలియదు. కొత్త ప్రోగ్రాంలో వచ్చిన మార్పులను ‘అదనపు సౌకర్యాలు’ అని రాసి కస్టమర్లకు పంపారు. ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. ఆయన బాదం మిఠాయి తెప్పించి అందరికీ పంచారు. నేను నా వంతు తీసుకుని బల్ల మీదే వదిలేశాను.

మర్నాడు యాదగిరి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నా మాట కొట్టెయ్యలేదు.

“నిజమే గావచ్చు మేడం. ఆవద్ గట్లాంటోడు కాడని నాకు ముందే తెల్సు. గని ఇప్పుడు ఆయన్ను మళ్ల పన్లకు తీస్కుంటే బస్తీల ఏమంటరు? ఆయనది తప్పు కాకుంటే మరి నీదే అని నా మీద పడ్తరు. నాకు పిల్లలున్నరు.”

“మరి ఆయనకు లేరా యాదగిరిగారూ?”

ఆయన సిలిండర్ మూతలు లెక్కపెట్టుకుంటున్న గుమాస్తా వైపు తిరిగాడు.

రజియా అడిగింది

బార్కస్ వెళ్లి ఆవద్‌ని కలిశాను. ద్వారకాదాస్ గారి తమ్ముడి గోడౌన్లో పని ఉందని చెప్పాను. వద్దన్నాడు. యాదగిరి తీసుకోనన్నాడని చెప్పాను. దానికి పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.

“నౌకరీ పోతే పోనీ మేడం. దాని ఫికర్ లేదు. ఒక్క పని చేయుర్రి. ఆ బీబీ బిడ్డకు చెప్పుర్రి. నేను ఝూట్ చెప్పలేదని చెప్పుర్రి. నేను చెప్తే నమ్మది.”

ఇద్దరం దబీర్‌పురా వెళ్లాం. రైలు వెళ్తే గోడలు అదిరే ఇల్లు అది, రెండో అంతస్తులో. రజియా తలుపు తీసి ఆవద్‌ని చూసి ఒక్క క్షణం ఆగింది. తరవాత పక్కకు జరిగి లోపలికి రమ్మంది. మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. నేను మా కంపెనీ పేరు చెప్పి, జరిగింది మొదటి నుంచీ చెప్పాను. ఫోన్ తెర గురించి, బటన్ గురించి, రెండు పేర్లూ ఒకదాని వెంట ఒకటి ఎలా పోయాయో వివరించాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా విన్నది.

“సమజైంది ఆపా,” అంది చివరికి. “మిషన్ తప్పంటరు. సరే. ఈ భాయ్ తప్పు కాదంటరు. సరే, నమ్మిన. గని నేను ఫోన్ జేసిన గదా. సిలిండర్ రాలేదు, అమ్మీకి దమ్ ఆడ్తలేదు అని ఏడ్సుకుంట చెప్పిన. వచ్చింది, మాకు చూపిస్తుంది అన్నరు. నేను ఇంట్ల నిలబడి చెప్తున్న. వాళ్లు ఆడ కూసొని కాదంటున్నరు. అది ఏ బటన్ తప్పు ఆపా?”

ఆ తరవాత చాలా ఏళ్లు ఈ పని చేశాను, పెద్ద కంపెనీల్లో చేశాను, నా కింద ఎందరికో పని నేర్పాను. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు.

ఆవద్ తలవంచుకుని నిలబడ్డాడు. రజియా అతని వైపు తిరిగింది. ఆమె గొంతు కొంచెం మారింది.

“భాయ్, ఆస్పత్రిల అమ్మీ మిమ్మల్ని ఒక్క మాట అనలే. మాట వచ్చినంతసేపు అడిగింది. ఆవద్‌కు ఏమైంది, వానల యాడన్న పడ్డడా, ఎవర్నన్న పంపి కనుక్కో అన్నది. రాకుంట ఉండేటోడు కాడు అన్నది. నేను కనుక్కోలే. నాకు కోపం ఉండె.”

ఆవద్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి భుజాలు అలా కదులుతుంటే చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. కింద పట్టాల మీద రైలు లేదు. ఎవరో బట్టలు ఆరేసుకుంటున్నారు.

కాసేపటికి రజియా గది మూలకు చూపించింది. అయిపోయిన సిలిండర్ అక్కడే నిలబెట్టి ఉంది. దాని మెడకు గొట్టం ఇంకా చుట్టే ఉంది.

“దీన్ని ఎవ్వరు తీస్కపోలే. ఫోన్ జేస్తే రేపంటున్నరు. పొద్దుగాల లేస్తే ఇదే కనవడ్తది. మీరు తీస్కపోతరా భాయ్?”

ఆవద్ ఇప్పుడు ఏజెన్సీ మనిషి కాదు. ఆ మాట అతనూ అనలేదు, నేనూ అనలేదు. ముఖం తుడుచుకుని, గొట్టం విప్పి చుట్టగా చుట్టి రజియా చేతికిచ్చాడు. సిలిండర్‌ని భుజానికెత్తుకున్నాడు. ఖాళీదైనా బరువు బరువే. మెట్లు దిగుతూ ప్రతి మలుపులోనూ గోడకు తగలకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంట్లో ఇంకా మనిషి పడుకుని ఉందన్నట్టే దిగాడు.

ఆటో మాట్లాడతానంటే వినలేదు. అఫ్జల్‌గంజ్ దాకా నడిచాం. దారిలో రెండుసార్లు భుజం మార్చుకున్నాడు. ఏజెన్సీ గోడౌన్లో గుమాస్తా అతన్ని చూసి లేచి నిలబడ్డాడు.

“ఇది తెమ్మని ఎవరు చెప్పిండ్రు ఆవద్ భాయ్?”

“బీబీ బిడ్డ చెప్పింది,” అన్నాడు ఆవద్.

ఖాళీ సిలిండర్ల వరస చివర దాన్ని చప్పుడు కాకుండా దించాడు. చేతులు దులుపుకున్నాడు. నాకు సలాం చెప్పి, బార్కస్ బస్సు ఆగే చోటు వైపు వెళ్లిపోయాడు.